విడిది దొరకని యాత్రలు

కార్తికమాసమున గాని, వేసవి సెలవులలో గాని తెల్లవారుజామున బెంజ్ సర్కిలు దగ్గర నిలిచి చూచినచో యాత్రకు బయలుదేరు బస్సులు ఒకదాని వెనుక నొకటి కనబడును. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయమార్గమును, పూనానుండి మచిలీపట్టణమునకు వచ్చు 65వ నంబరు మార్గమును ఇచ్చటనే కలియుచున్నవి. 2020లో పైవంతెన తెరచినది మొదలు దూరపు బండ్లు అనేకము మీదుగా పోవుచున్నను, యాత్రబస్సులు మనుష్యుల నెక్కించుకొనుటకు క్రిందనే ఆగును. ఒక్కొక్క బస్సులో నలుబదిమంది. సామాను పెట్టెలో బియ్యపు బస్తాలు, పెద్ద గిన్నెలు, గ్యాసుపొయ్యి, ఆవకాయ జాడీ, చాపలు. ముందు సీటులో వంటమనిషి.

అమెరికాలో మోటారుబండిలోనే పడకలు, వంటయిల్లు, స్నానపుగది అమర్చుకొని దేశము తిరుగువారు గలరు. మన యాత్రబస్సునకు పడకయు స్నానపుగదియు లేవు గాని, వంట యున్నది, సంసార మున్నది. కావున దీనిని మన దేశపు నడచు ఇల్లనుట తప్పుగాదు. ఎంత నడచు ఇల్లైనను రాత్రికి ఎక్కడనో నిలువవలయును గదా! ఆ నిలుచు చోటు దొరకుటయే నేడు యాత్రలో అన్నిటికంటె కష్టమైన పని. దర్శనమునకు వరుసలో నిలుచుట కష్టమే యైనను దానికొక చివర యున్నది. విడిదికై తిరుగుటకు చివర కనబడదు. ఈ కష్టము పురుషులకు ఒకరీతిగను, స్త్రీలకు మరియొకరీతిగను ఉండును. రెండవదానిని లెక్కకు తెచ్చుకొనువారు తక్కువ.

మన పెద్దలు దూరప్రయాణమును మజిలీలతో కొలిచిరి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కుటుంబముతోను, పెద్ద పరివారముతోను కాశికి బయలుదేరి, పదునైదు నెలలకు పైగా తిరిగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. సవారీలును డేరాలును వెంట నుండెను. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. అందలి దేవాలయముల వర్ణనలకంటె మజిలీల లెక్కయే నాకు ఎక్కువ ముచ్చట గొలుపును. ఊరిలో నీళ్ళెట్లున్నవి, అంగళ్ళున్నవా, దిగుటకు సత్రమున్నదా, లేనియెడల డేరా వేయుటకు తోపున్నదా అని ఆయన విడువక వ్రాయుచు పోయిరి. ఇల్లు నడపు స్త్రీ అడుగు ప్రశ్నలు సరిగా ఇవియే.

మన కృష్ణాతీరమునకు మరియొక సదుపాయ ముండెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిమ్మట డెల్టాలో పడవప్రయాణము పెరిగినది. గూడు కట్టిన పడవలో ఒక మూల పొయ్యి, ఒక ప్రక్క పడక. కొమ్మమూరు కాలువమీదుగా బకింగుహాము కాలువ చేరి, చెన్నపట్టణము వరకును పోవుటకు వీలుండెను. రాత్రి లాకుల దగ్గర పడవ కట్టివేసినచో అదియే విడిది. నీరు చేతికందు దూరమున నుండెను, గట్టు చాటుండెను. నిదానముగా పోవుట తప్ప దానిలో ఆడువారికి అంత కష్టము కనబడదు. రోడ్లును రైళ్ళును వచ్చిన తరువాత ఆ పడవలు పోయినవి. మనము వేగమును సంపాదించుకొని చాటును పోగొట్టుకొంటిమి.

ఇక సత్రములు. సత్రమునకు ముందుగా కబురు చేయవలసిన పని లేకుండెను. పొద్దుగూకిన తరువాత తలుపు తట్టినవారికి చోటీయవలయు ననునదే కట్టించినవారి యుద్దేశము. రాజమహేంద్రవరమున నాళమువారి సత్రము వంటివి గోదావరీ స్నానమునకు వచ్చినవారి నెందరినో ఆదుకొన్నవి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేరుగా సత్రమును తలపెట్టక తన ఇంటినే సత్రము చేసిరి. ఆమె పేరు మన ఆడువారికి చెప్ప నవసరము లేదు. ఆమె చేసినది అన్నదానమని మాత్రమే మనము తలచుచున్నాము గాని, వేళ తప్పి వచ్చినవారిని, ముందుగా చెప్పక వచ్చినవారిని విసుగుకొనకుండుట అన్నము పెట్టుటకంటె కష్టమైనదని వంట చేసిన ప్రతి స్త్రీకిని తెలియును.

శ్రీశైలమున నేటికిని కులమునకొక సత్రము చొప్పున కనబడును. కరివెనవారి సత్రము, రెడ్డి సత్రము, కమ్మ సత్రము, వాసవీ సత్రము, ఇట్లు చాలయున్నవి. కొండమీద నీడ లేని రోజులలో అవి చేసిన ఉపకారము సామాన్యము కాదు. అయినను కలిగిన కులములకు పెద్ద సత్రములును, లేని కులములకు చిన్నవియు నగుట చూడగా మనస్సునకు కష్టము తోచును. దేవుని యెదుట వరుస ఒక్కటే. విడిది దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఇంటిపేరు చెప్పవలసివచ్చుచున్నది.

ఇప్పటి పద్ధతి వేరు. తలుపు తట్టుటకు బదులు ఫోను తట్టవలయును. తిరుమల దేవస్థానమువారు గదులలో ఒక భాగమును సుమారు మూడు నెలల ముందుగనే యంత్రముద్వారా ఇచ్చుచున్నారు. సాధారణముగా నెలలో 24వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము మూడు గంటలకు, రాబోవు ఒక నెల కంతటికిని గదులు ఒక్కమారుగా తెరచెదరు. ఆ దినమున మన యిండ్లలో ముగ్గురు మూడు ఫోనులతో కూర్చుండుట చూచుచునే యున్నాము. తెరమీద చక్రము తిరుగుచునే యుండును. అది నిలుచునప్పటికి మనకు కావలసిన తేదీ నిండిపోయి యుండును. రైలు సంగతి మరియొకటి. 2024 నవంబరు 1వ తేదీవరకు 120 దినముల ముందు టిక్కెట్టు తీసికొనుటకు వీలుండెను. ఆ దినమునుండి దానిని 60 దినములకు తగ్గించిరి. అనగా గది మూడు నెలల ముందు, రైలు రెండు నెలల ముందు. గది దొరికిన తరువాత ఒక నెల వేచియుండి, రైలు దొరకక గదిని వదలుకొన్నవారును గలరు. ఈ రెండు గడువులను ఒక చోట చేర్చుట పెద్దలకు కష్టమైన పనిగా నాకు తోచదు.

ఈ పద్ధతియే చెడ్డదని నేననుట లేదు. ఎనుబది యేండ్ల అత్తగారిని తీసికొనిపోవు కోడలికి గది యున్నదో లేదో ముందుగా తెలియుట గొప్ప ధైర్యము. గదుల యద్దె 50 రూపాయలనుండి యున్న చోట దళారులు చేరుట సహజము. దేవస్థానమువారు 2023 మార్చి 1వ తేదీనుండి గది తీసికొనువారి ముఖమును యంత్రముచే గుర్తించు ఏర్పాటు చేసి, ఒకరి పేరిట మరియొకరు చేరకుండ కట్టుదిట్టము చేసిరి. మంచిదే. పైగా కొండమీద అప్పటికప్పుడు వచ్చినవారికి వరుసలో గదులిచ్చు కార్యాలయ మున్నది. గది లేనివారు సామాను భద్రపరచుకొని తల వాల్చుటకు యాత్రికుల వసతి సముదాయములు ఉచితముగ నున్నవి. క్రింద తిరుపతిలో బస్సుస్టాండు ఎదుట శ్రీనివాసము, రైలుస్టేషను ఎదుట విష్ణునివాసము గలవు. ముందుగా అడిగినవారికి కొంత, అప్పుడు వచ్చినవారికి కొంత అను ఈ విభాగమును తక్కిన క్షేత్రములవారును తప్పక అనుసరింపవలయును.

ఎందుకనగా, మూడు నెలల ముందు తేదీ చెప్పుమనినచో చెప్పగలవా డెవడు? తన దినములు తన చేతిలో నున్నవాడు. ఇంటి స్త్రీ దినములు ఆమె చేతిలో నుండవు. పిల్లవానికి జ్వరము వచ్చును, కూతురు పురిటికి వచ్చును, మామగారికి ఆయాసము హెచ్చును. వీనికంటె ముఖ్యమైనది ఒకటి యున్నది. పురుషులు దానిని ఎరుగనట్లు నటింతురు, మనము చెప్పుకొనుటకు సిగ్గుపడుదుము. నెలసరి మూడు నెలల తరువాత ఏ తేదీకి వచ్చునో ఎవరు చెప్పగలరు? గుడికి పోరాదను ఆచారమును మన యిండ్లలో అనేకులు పాటించుచున్నారు. ఆ ఆచారము మంచిచెడ్డలు ఇప్పుడు నేను విచారించుట లేదు. తేదీ మార్చుటకు వీలులేని గది చేతిలో నుండగా, నలుగురు వెళ్లుచుండగా, ఒక్కతె ఆగిపోవుటకు మనసొప్పక, మందుల దుకాణమున మాత్రలు కొని నెలసరిని వెనుకకు నెట్టుకొనుచున్నవారు ఎందరో నాకు తెలియును. ఆ మాత్రలు వైద్యుని అడుగకుండ మ్రింగదగినవి కావు. రక్తము గడ్డకట్టు జబ్బు గలవారికిని, కాలేయపు జబ్బు గలవారికిని అవి ప్రమాదకరములు. ఒక గది తేదీకై శరీరమును ఒప్పింపవలసివచ్చుట విపరీతము కాదా? తేదీని ఒక్కసారి మార్చుకొను వీలు ఇచ్చినచో ఈ మాత్రలలో సగము అమ్ముడుపోవు.

కాశి సంగతి మరింత చిక్కు. కాశిలో తొమ్మిది రాత్రులు నిద్రచేయవలయునని మనవారి నమ్మకము. తల్లి గర్భమున నున్న తొమ్మిది నెలలకు అది సాటియని పెద్దలు చెప్పుదురు. తొమ్మిది రాత్రులకు గది కావలయునన్నచో ఒక్క రాత్రి నిండియున్నను తక్కిన ఎనిమిదియు నిరుపయోగమగును. మానససరోవర ఘట్టము దగ్గర ఆంధ్రాశ్రమమును, కరివెనవారి సత్రమును మన భాషలో పలుకరించు చోట్లు. వానికై ఎదురుచూపులు ఎప్పుడునుండును. 2023 ఏప్రిలు 22 మొదలు మే 3 వరకు గంగాపుష్కరములు జరిగినప్పుడు తెలుగువారు కాశికి వెల్లువగా పోయిరి. అప్పుడు గది దొరకినవారు అదృష్టవంతులు.

ఇంతకును బస్సులో పోవువారి యవస్థ వేరు. నలుబదిమందికి ఒక్క చోట గదులు దొరకవు. అందుచేత ఒకటి రెండు గదులు మాత్రము తీసికొని, స్త్రీలు వంతులవారీగా స్నానము చేసి చీరలు మార్చుకొనుట, తక్కినవారు బస్సులోనో, మండపములోనో పండుకొనుట వాడుక. ఆ ఒకటి రెండు గదులును తప్పినచో ఏమగును? శ్రీశైలమునకు మనవైపునుండి పోవు బండ్లు దోర్నాలమీదుగా నల్లమల ఎక్కవలయును. అది పులుల అభయారణ్యము గనుక రాత్రివేళ ఆ దారి మూసివేయుదురు. అది న్యాయమైన ఏర్పాటే. కాని దారిలో ఒక చక్రము చెడి రెండు గంటలు ఆలస్యమైనవారు తెల్లవారువరకు క్రిందనే ఉండవలయును.

మా వీధివారి బస్సొకటి ఇట్లే ఒక క్షేత్రమునకు పోవుచు దారిలో ఒక రాత్రి నిలిచిపోయినది. పురుషులు రోడ్డు ప్రక్క చాపలు పరచుకొని పండుకొనిరి. ఆడువారు సాయంకాలము ఆరు గంటలనుండి మంచినీళ్ళు ముట్టలేదని పిమ్మట తెలిసినది. దాహము లేక కాదు; త్రాగినచో ఎక్కడికి పోవలయునను భయముచేత. వారిలో ఒకామె చంటిపిల్లతల్లి. మరునాడు కొండ చేరునప్పటికి, వారు రాలేదను కారణమున ఆ గదిని ఇంకొకరికి ఇచ్చివేసిరి. ఇచ్చినవారిని తప్పుపట్టుటకు లేదు. ఆ ఇంకొకరును పిల్లలతో వచ్చినవారే. ఆలస్యమైనదని ఒక్క ఫోను చేయుటకు మగవారెవరికిని తోచకపోవుటయే వింత. తోచిన ఆడువారి దగ్గర ఆ సత్రపు నంబరు లేదు. అప్పటినుండి మా వీధి స్త్రీలు సత్రపు నంబరు, రసీదు తమ సంచిలోనే పెట్టుకొనుచున్నారు.

వచ్చెదమని చెప్పి రానివారి గది సంగతి ఇచ్చటనే చెప్పవలయును. దొరకునో దొరకదో అను భయముతో రెండు మూడు తేదీలకు, రెండు మూడు చోట్ల గదులు తీసికొనువారు మనలోనే యున్నారు. చివరకు ఒకదానికి పోయి, తక్కినవానిని వదలివేయుదురు. అద్దె కొద్దిపాటిదగుటచే పోయిన సొమ్మునకు బాధలేదు. గది మాత్రము తాళముతో ఖాళీగా నుండును. తలుపు బయట మెట్లమీద ఎవరో తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండును. ఈ దోషము మనకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలో మన కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు అనేకులున్నారు గదా. వారిలో కొందరు తల్లిదండ్రులు వెళ్ళినప్పుడు ఆ మోటారు ఇంటిని అద్దెకు తీసికొని కొండలు, అడవులు చూపించుచున్నారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయవనమున వారి బండి నిలుపుటకు చోటు కావలయునన్నచో ఐదు నెలల ముందు, నెలలో 15వ తేదీన, ఆ ప్రాంతపు ఉదయము ఏడు గంటలకు యంత్రముముందు కూర్చుండవలయును. వేసవిలో అది మనకు రాత్రి ఏడున్నర. కొన్ని నిమిషములలో వేసవి తేదీలన్నియు అయిపోవును. చోటు దొరకినను బండి పొడుగునకు ఆ చోటు చాలవలయును. అచ్చట విద్యుత్తు తగిలించుకొను వసతి లేదు. ఆ సర్కారువారు ఒక ఏర్పాటు చేసిరి. ముందుగా మానుకొన్నవారివద్ద 10 డాలర్లు మాత్రము పట్టుకొందురు. చెప్పక రానివారివద్ద 20 డాలర్లును, మొదటి రాత్రి అద్దెయు పట్టుకొందురు. చెప్పుటకు తక్కువ, చెప్పకుండుటకు ఎక్కువ. అయినను ఖాళీ చోట్లు తప్పుట లేదట. దండుగ వేసి మర్యాద నేర్పుట ఎక్కడైనను కొంతవరకే.

మన దేశమున కేరళప్రభుత్వమువారు 2021లో ఇట్టి బండ్లకై ఒక పథకము ప్రకటించి, 2022లో వాగమన్ వద్ద మొదటి విడిదివనమును తెరచిరి. అది కలవారి విలాసమునకు బాగుగ నుండును. మన యాత్రబస్సునకు అంత వైభవము అక్కరలేదు. మార్గము ప్రక్క నీడగల చదును నేల, నీటికొళాయి, గడియ వేసికొనుటకు వీలగు స్నానపుగదులు, రాత్రంతయు వెలుగు దీపము, పొయ్యి పెట్టుకొనుటకు అరుగు. వీరాస్వామయ్యగారికి తోపును నీరును చాలెను. మనకు దీపమును గడియయు అదనము. 2025 ఫిబ్రవరిలో కుంభమేళాకు పోవు బండ్లు జబల్‌పూరు, రీవాల మీదుగా ప్రయాగ చేరు మార్గమున కిలోమీటర్లకొలది బారులుతీరి గంటలతరబడి నిలిచిపోయినవి. తెలుగుబండ్లును అందున్నవి. వీరాస్వామయ్యగారి పరివారము 1830లో పోయిన దారి ఇంచుమించుగా అదియే.

మన బెజవాడకు కూడ ఇట్టి పరీక్ష తప్పదు. దసరాలలో, ముఖ్యముగా మూలానక్షత్రమునాడు, ఇంద్రకీలాద్రికి వచ్చు జనసముద్రమును మనము ఏటేట చూచుచున్నాము. 2016 ఆగష్టు 12 మొదలు 23 వరకు జరిగిన కృష్ణాపుష్కరములలో ప్రభుత్వమువారు ఊరి చుట్టు పుష్కరనగరములు కట్టించి, అచ్చటనుండి ఘట్టములకు బస్సులు నడపిరి. మిగిలిన విడిది అంతయు మన యిండ్లే. పటమట, బెంజ్ సర్కిలు ప్రాంతములలో మూడు గదుల వాటాలో పదునైదుమంది చుట్టములు దిగిన ఇండ్లెన్ని! ఇంటి ఇల్లాలికి తెల్లవారుజామున ఒక్క మునుక దక్కెను. తక్కిన పండ్రెండు దినముల పుష్కరమంతయు వంటయింటనే గడచెను. చుట్టములు వచ్చుట సంతోషమే. రెండుపూటల ముందు కబురు చేసి వచ్చినచో ఆ సంతోషము ఇంకను ఎక్కువగా నుండును!

2027లో గోదావరికి, 2028లో కృష్ణకు మరల పుష్కరములు. ఈ మధ్య కాలమున మన మహిళాసమాజములవారు పనిగట్టుకొని చేయదగినది ఒకటి గలదు. నగరపాలక సంఘమువారు విడిదినగరముల ఏర్పాటు చర్చించునప్పుడు ఇన్ని వేలమందికి చోటు అను లెక్క చెప్పుదురు. ఆ లెక్కతో తృప్తిపడక, స్త్రీలకు ఎన్ని స్నానపుగదులు, వానికి లోపలి గడియలున్నవా, చంటిబిడ్డలకు పాలిచ్చుటకు చాటున్నదా, గుడ్డలు పారవేయుటకు మూతగల తొట్లున్నవా, బస్సులు నిలుచు చోటికి ఇవి ఎంత దూరము, ముందుగా పేరు వ్రాయించుకొనని వారికి ఎన్ని చోట్లు మిగిల్చిరి అని వ్రాతమూలకముగా అడుగవలయును. జవాబు చేతికి వచ్చిన తరువాత ఒక సాయంకాలము నలుగురు కలిసి పోయి, ఆ గడియలను తమ చేతితో వేసి చూడవలయును.